రాత్రి సెల్లార్‌లో, సడి లేకుండా: బ్యాటరీ డౌన్ అవుతున్న ఒక కారు కేసు

కారు ఓనరు ఫోన్ చేసి మొదట అడిగింది బ్యాటరీ గురించి కాదు. "మీ పనికి చప్పుడవుతుందా అండీ?" అని. ఎంతసేపు పడుతుంది, ఈరోజే అయిపోతుందా లాంటివి నాకు రోజూ వినబడే ప్రశ్నలే. ఇది మాత్రం కొత్త.

సంగతేమిటంటే, పది రోజుల కిందట ఇంకో ఎలక్ట్రీషియన్ రాత్రిపూట వచ్చి, అలారం ఆన్‌లో ఉండగానే బ్యాటరీ టెర్మినల్ లాగేశాడట. ఆ కారు సైరన్‌కు లోపల సొంత బ్యాటరీ ఉంది. మెయిన్ కరెంటు పోయిందంటే ఎవరో దొంగ వైరు కోశాడనే దాని లెక్క. సెల్లార్‌లో కూయడం మొదలెట్టింది. కంగారుగా రిమోట్ నొక్కితే ఏం లాభం, రిమోట్ మాట వినాల్సిన కంప్యూటర్‌కే కరెంటు లేదు. టెర్మినల్ మళ్లీ తగిలించాలన్న ఆలోచన వచ్చేలోపు నాలుగు అంతస్తులూ లేచి కూర్చున్నాయి. సరిగ్గా ఆ పార్కింగ్ మీదున్న మొదటి అంతస్తు ఇంట్లో మూడు నెలల పసిపాప ఉంది. అప్పటినుంచి ఓనరుకు మెట్ల మీద ఎవరు ఎదురైనా తల వంచుకుని పోవడమే.

ఇక జబ్బు. శుక్రవారం రాత్రి ఆపిన కారు సోమవారం పొద్దున స్టార్ట్ కాదు. రోజూ తిప్పితే ఏ ఇబ్బందీ లేదు. ఒకచోట బ్యాటరీ పాతదైపోయిందని కొత్తది వేశారు, 60 ఆంపియర్-అవర్లది, అంటే ఒక ఆంపియర్ చొప్పున లెక్కప్రకారం 60 గంటలు ఇచ్చేది. రెండు వారాలకు మళ్లీ అదే కథ. ఇంకోచోట బయట కొని పెట్టించిన మ్యూజిక్ యాంప్లిఫయర్ మీద అనుమానపడి పీకేశారు. అయినా తగ్గలేదు. కారు ఆపాక ఏదో కరెంటు తాగుతోందన్నది ఖాయం, ఏది తాగుతోందన్నదే తేలాలి.

పగలు చూద్దామంటే ఓనరు ఉద్యోగమే కారు మీద. పైగా ఈ రకం పనికి కారు కదలకుండా, ఎవరూ తాకకుండా గంటా రెండు గంటలు ఉండాలి. ఇగ్నిషన్ ఆపి లాక్ చేసినా కారులోని కంప్యూటర్లు వెంటనే పడుకోవు. బండిని బట్టి పది నిమిషాల నుంచి నలభై నిమిషాల దాకా పడుతుంది. ఈలోగా ఎవరైనా హ్యాండిల్ ముట్టుకున్నా, డిక్కీ తీసినా మళ్లీ మొదటికే. అందుకే రాత్రి తప్ప దారి లేదు.

పనికి ముందు నేను మొదటి అంతస్తుకు వెళ్లి బెల్లు కొట్టకుండా తలుపు మీద వేలితో తట్టాను. పాప తాతగారు తీశారు.

"కింద కారు చూడటానికొచ్చిన ఎలక్ట్రీషియన్ని అంకుల్. ఈ రాత్రి ఓ రెండు మూడు గంటలు పనుంటుంది. చప్పుడు రానివ్వను."

"మొన్నొచ్చినాయన కూడా పది నిమిషాలే అన్నాడు బాబూ. ఆ రాత్రి పాప మళ్లీ నిద్రపోయేసరికి మూడైంది."

"నా నంబరు రాసుకోండి. చిన్న చప్పుడు వినబడినా ఒక్క మెసేజ్ పెట్టండి, అక్కడికక్కడే సర్దేసుకుని వెళ్లిపోతాను."

ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూశారు. "ఇంజను మాత్రం వేయకండి."

వేయనన్నాను. అది ఆయన కోసమే కాదు. నాలుగువైపులా మూసిన సెల్లార్‌లో ఇంజను పొగ, అందులోని కార్బన్ మోనాక్సైడ్, పనిచేసేవాడికే ముందు ముప్పు.

ఏ చప్పుడు పైకి పోతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిద్ర చెడకూడదంటే పడకగదిలో విడివిడిగా వచ్చే చప్పుళ్లు 45 డెసిబెళ్లు దాటకూడదు. కారు హార్న్‌కు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన పెట్టిన కనీస హద్దే ఏడు మీటర్ల దూరంలో 93 డెసిబెళ్లు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెళ్లు తగ్గుతుంది. సెల్లార్‌లో ఆ లెక్క కూడా పనిచేయదు, గోడలూ సీలింగూ చప్పుడును అటూ ఇటూ తిప్పి కొడుతుంటాయి.

హార్న్ సంగతి అందరికీ తెలుసు. తెలియనిది నేల సంగతి. మనం మామూలు గొంతుతో మాట్లాడుకున్న మాటలు శ్లాబు దాటి పెద్దగా పోవు. కానీ పిల్లర్ పక్కన కాంక్రీటు మీద ఒక పానా జారిపడితే ఆ దెబ్బ పిల్లర్ వెంబడి పైకెక్కి పడకగది గోడలో పలుకుతుంది. కిందున్న మనకు చిన్న 'టంగు'మనే చప్పుడే, పైనున్నవాళ్లకు ఎవరో గోడ కొట్టినట్టు. అందుకని నేను మొదట పరిచింది పాత దుప్పటి, దానిమీద వ్యాయామం చేసుకునే రబ్బరు చాప. పానాలన్నీ ఒక గుడ్డ సంచిలో. అయస్కాంతం ట్రే తీసుకురాలేదు, దాంట్లో స్క్రూ పడినప్పుడల్లా గంట మోగినట్టుంటుంది. రాచెట్ కూడా పక్కనపెట్టాను. దాని కరకర పగలు చెవికెక్కదు, రాత్రి మాత్రం కీచురాయే.

తర్వాత కారు నోరు కట్టేశాను. హార్న్ ఫ్యూజు పీకి, ఒక టేపు ముక్కతో స్టీరింగ్ మధ్యలో అంటించాను. జేబులో వేసుకుంటే మర్చిపోతాం. మర్చిపోతే పొద్దున ఓనరు హార్న్ లేని కారుతో రోడ్డెక్కుతాడు. ఇగ్నిషన్ ఆన్ చేయకముందే ఏసీ, బ్లోయర్, మ్యూజిక్ మూడూ ఆపేశాను. ఏసీ ఆన్‌లో ఉంటే కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఒక్కసారిగా హోరెత్తుతుంది. కారు కంప్యూటర్లను చదివే నా స్కానర్ బీప్ ఆపాను, ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. మల్టీమీటర్‌లో వైరు తెగిందో లేదో చూసే బజర్ జోలికి పోకుండా ఓమ్‌ల అంకె చూసే పద్ధతే ఆ రాత్రికి.

సైరన్‌ను మాత్రం ముట్టుకోలేదు. దాని కప్లర్ పీకితే అదీ దొంగతనమే అనుకుంటుంది. కొన్ని కార్లలో ఇగ్నిషన్ ఆపిన 15 సెకన్లలోపు బ్యాటరీ టెర్మినల్ తీస్తే సైరన్ ఊరుకుంటుంది. కానీ ఆ కారు సర్వీసు పుస్తకంలో అలా రాసి ఉందని కళ్లతో చూస్తే తప్ప నేనా పని చేయను. అసలు టెర్మినల్ తీయకుండానే కొలవొచ్చు. వైరును బయటినుంచే పట్టుకుని కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్‌ను నెగటివ్ కేబుల్ చుట్టూ పెడితే చాలు. వైరు విప్పనక్కర్లేదు, కంప్యూటర్ల జ్ఞాపకాలూ చెదరవు. మిల్లీఆంపియర్ల దగ్గర క్లాంప్ అంత నిక్కచ్చిగా చూపదన్నది నిజమే. కానీ నేను వెతికేది 20 మిల్లీఆంపియర్లకూ 25కూ ఉండే తేడాను కాదు.

ఇక డోర్లు. పని మధ్యలో వాటిని మూయడం తీయడం ఉండకూడదు, అలాగని తెరిచి ఉంచితే కారు పడుకోదు. డోర్ అంచులో లాక్ నాలుక ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా తిప్పితే 'టిక్, టిక్' అని రెండు మెట్లు పడుతుంది. డోర్ తెరిచే ఉన్నా మూసినట్టే కారు నమ్ముతుంది. నాలుగు డోర్లకూ, బానెట్‌కూ అదే చేశాను. పని అయ్యాక హ్యాండిల్ లాగి నాలుకను వదిలించాలి. అది మరిచి డోర్ విసిరితే నాలుక ఇనుప కొక్కేనికి గుద్దుకుంటుంది, ఆ చప్పుడు ముందు మామూలు డోర్ చప్పుడు ఏమూలకూ చాలదు.

వెలుతురు గురించి కూడా ఒక మాట. రిమోట్ నొక్కిన ప్రతిసారీ ఇండికేటర్లు వెలిగి ఎదుటి గోడంతా పసుపు రంగు కొట్టుకుంటుంది. సెల్లార్ వాలు వైపు ఎవరి కిటికీ అయినా ఉంటే వాళ్లకది మెరుపే. సెంట్రల్ లాక్ ఒక్కసారే వేసి వదిలేయాలి.

కొలతలు

10:05కు అంతా మూసి క్లాంప్ పెట్టాను. మీటర్ ముందు ఫోన్ నిలబెట్టి వీడియో ఆన్ చేసి, వెనక చక్రం పక్కన చిన్న స్టూలు మీద కూర్చున్నాను. మొదట 4 ఆంపియర్ల చిల్లర. మెల్లగా 2, 1.6. మామూలే.

10:20కి 'టీట్ టీట్ టీట్' అన్నది నా మీటరే. పదిహేను నిమిషాలు బటన్ నొక్కకపోతే ఆగిపోయే ఏర్పాటు దానిది, ఆగేముందు కూస్తుంది. ఇంత తతంగం చేసి కారు నోరంతా కట్టేసిన నేను నా చేతిలోదాన్ని మరిచాను. గబుక్కున అరచేత్తో మూసేశాను. పైనుంచి మెసేజ్ రాలేదు. ఒక బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే ఆ ఆటో-ఆఫ్ పోతుంది. అలా ఆన్ చేసి, క్లాంప్‌ను వైరుకు దూరంగా తెచ్చి సున్నాకు పెట్టి, మళ్లీ తగిలించాను.

10:31. అంకె దబ్బున పడిపోయింది: 0.02 ఆంపియర్లు. అంటే 20 మిల్లీఆంపియర్లు. 50 లోపు ఉంటే చాలా కార్లకు ఆరోగ్యమే. నాకు ముందు వాళ్లలో ఎవరైనా ఇక్కడిదాకా వచ్చి ఉంటే, లీకేజీ ఏమీ లేదని రాసిచ్చి వెళ్లిపోయి ఉండేవాళ్లు. నేనూ రాయొచ్చు. అయితే 20 మిల్లీఆంపియర్లతో 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఖాళీ కావడానికి లెక్కప్రకారం నాలుగు నెలలు పడుతుంది. శుక్రవారం నుంచి సోమవారం దాకా కాదు.

10:44కు, నేను మెట్ల దగ్గర ఓనరుతో మాట్లాడి తిరిగొస్తుంటే, మీటర్ 2 ఆంపియర్ల పైన ఉంది. కారు లేచింది! ఎవరూ ముట్టుకోలేదు. ఫోన్ వీడియో వెనక్కి తిప్పి చూస్తే 0.02 నుంచి ఒక్క గెంతున 7 దాటి, తర్వాత 2 దగ్గర నిలబడింది. పది నిమిషాల తర్వాత తనంతట తానే మళ్లీ పడుకుంది.

ఇక్కడ చాలామంది ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెడతారు. నా అనుభవంలో అది చెడ్డ అలవాటు. ఫ్యూజు పీకి పెట్టిన ప్రతిసారీ ఏదో ఒక కంప్యూటర్ నిద్రలేస్తుంది, రిలేలు టకటకలాడతాయి, అరగంట మళ్లీ కాచుకోవాలి. బ్లేడ్ ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. వాటిమీద మీటర్ ముళ్లు పెట్టి మిల్లీవోల్టులు చూస్తే కరెంటు పోతోందో లేదో ఫ్యూజు తీయకుండానే తెలుస్తుంది. 10 ఆంపియర్ల మినీ ఫ్యూజుకు నిరోధం 7-8 మిల్లీఓమ్‌లు ఉంటుంది కాబట్టి ఒక మిల్లీవోల్టు కనబడితే దాదాపు 130 మిల్లీఆంపియర్లు పోతున్నట్టు. కానీ ఈ కారులో అదీ ఉపయోగపడలేదు. లేచినప్పుడు ఒకటి కాదు, సగం ఫ్యూజుల్లో కరెంటు పారుతోంది. ఇల్లంతా దీపాలు వెలిగాయంటే స్విచ్ ఎవరేశారని అడగాలి గానీ, ఏ దీపం ఎంత కాలుతోందని కాదు.

కారును నిద్రలేపగలిగేవి చాలానే ఉన్నాయి. దగ్గర్లో వేలాడుతున్న తాళంచెవి, డిక్కీ స్విచ్, నాలుగు డోర్లు, బయటివాళ్లు కలిపిన డ్యాష్‌క్యామ్. తాళంచెవిని ఓనరు మూడో అంతస్తులోనే వదిలి వచ్చారు. డ్యాష్‌క్యామ్ వైరు నేను ముందే పీకాను. మిగతావాటిని ఒక్కొక్కటే తోసిపుచ్చాలంటే తెల్లవారుతుంది.

11:06. సెల్లార్ బల్బు కూడా ఆపేసి చీకట్లో కూర్చున్నాను. వెనక సీటు కింద నుంచి, నా మోకాలికి రెండడుగుల దూరంలో, 'జుయ్‌...' మని సన్నగా ఏదో తిరిగి ఆగింది. రెండు సెకన్లు. తలెత్తి చూస్తే మీటర్ 7 నుంచి 2కి దిగుతోంది.

అది పెట్రోలు పంపు. ఇంజను త్వరగా అందుకోవాలని కొన్ని కార్లు తాళం తిప్పకముందే, డ్రైవర్ డోర్ తెరవగానే పంపును ఒక్క క్షణం తిప్పి పైపులో ఒత్తిడి నింపుకుంటాయి. పగలు, రోడ్డు పక్కన షెడ్డులో, గ్రైండర్ తిరుగుతుండగా ఆ సడి దేవుడికి కూడా వినబడదు. ఇక్కడ వినబడింది. వినబడిందంటే కారు ఎవరో డ్రైవర్ డోర్ తెరిచారని నమ్ముతోంది.

నమ్మకం కుదుర్చుకోవడానికి డిక్కీ తీశాను: మీటర్ లేచింది, పంపు తిరగలేదు. ఎడమ డోర్ నాలుక వదిలించాను: పంపు తిరగలేదు. డ్రైవర్ డోర్ వదిలించాను: జుయ్. సరే. కానీ ఆ డోర్‌ను నేనే స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నమ్మించాను కదా, రెండో మెట్టు సరిగా పడలేదేమో! నా పనితనం మీద కూడా అనుమానం పెట్టుకోవాలి. అందుకని నాలుకలన్నీ వదిలించి డోర్లు నిజంగానే మూశాను. విసరకుండా మూసే పద్ధతి తేలికే. మొదటి మెట్టు పడేదాకా చేత్తో నెట్టి, అక్కడ ఆపి, తుంటి ఆనించి ఒంటి బరువంతా మెల్లగా వేస్తే 'బుస్' మంటూ రెండో మెట్టు పడుతుంది. ఈ లోపల ఓనరు జాకెట్ తీసుకురావడానికి పైకి వెళ్లి, వస్తూ అలవాటు కొద్దీ రిమోట్ నొక్కారు. ఇండికేటర్లు వెలిగాయి. హార్న్ 'పీప్' అనాల్సిన చోట ఏమీ రాలేదు. ఆయన ముఖంలో రక్తం మళ్లీ పారడానికి కొంత సమయం పట్టింది.

11:52కు డోర్ నిక్కచ్చిగా మూసి ఉండగానే పంపు మళ్లీ పలికింది.

స్కానర్‌ను అంతవరకూ తగిలించలేదు. ఓబీడీ కప్లర్‌లో, అంటే స్కానర్ కోసం కారులో ఉండే సాకెట్‌లో, అది ఉన్నంతసేపు కారు పడుకోదు. ఇప్పుడు తగిలించి, డోర్ల స్థితి చూపే పేజీ తెరిచి, మూసి ఉన్న డ్రైవర్ డోర్‌ను లాక్ ఉన్న చోట బొటనవేలితో ఒత్తి వదిలాను. 'మూసి ఉంది, మూసి ఉంది, తెరిచి ఉంది, మూసి ఉంది.' కన్ను ఆర్పేంత సేపు. దొంగ దొరికింది: లాక్ లోపలి మైక్రోస్విచ్, డోర్ మూసి ఉందో తెరిచి ఉందో కారుకు చెప్పే చిన్న స్విచ్.

అప్పుడు ఓనరు అన్నారు: "బండి గుంతల్లో పడినప్పుడు ఎప్పుడైనా ఒకసారి 'టింగ్' మంటుందండీ. చూస్తే ఏ లైటూ ఉండదు." ఈ మాట నేను మొదటి ఫోన్‌లోనే రాబట్టి ఉండాల్సింది. బ్యాటరీ ఎప్పుడు దిగిపోతోందనే అడిగాను గానీ, నడుస్తున్నప్పుడు కారు చిన్నచిన్న వింతలేమైనా చేస్తోందా అని అడగలేదు. ఇంకోటి, లోపలి లైటు స్విచ్ ఆయన ఎప్పుడో పూర్తిగా ఆఫ్‌లో పెట్టేశారు. అది డోర్‌తో వెలిగే స్థానంలో ఉండి ఉంటే, ఏ రాత్రో ఖాళీ కారులో లైటు వెలగడం వాచ్‌మన్‌కైనా కనబడేది.

లెక్క కట్టాను. పది నిమిషాలు మెలకువ, సగటున 2.1 ఆంపియర్లు. పన్నెండు నిమిషాల నిద్ర, 0.02. మొత్తం మీద గంటకు సుమారు 0.97 ఆంపియర్-అవర్లు. శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దుటికి 60 గంటలు. దాదాపు 58 ఆంపియర్-అవర్లు. బ్యాటరీ 60. ఇంకేం స్టార్ట్ అవుతుంది?

మిగతాది పగలు

అప్పటికి పన్నెండు దాటింది. డోర్ ప్యాడ్ ఊడదీసి లాక్ చూడాలని చేతులు పీకుతున్నా ఆగిపోయాను. ప్యాడ్ క్లిప్పులు ఊడేటప్పుడు 'టప్ టప్' మని డోర్ రేకంతా డప్పులా మోగుతుంది. పైగా కొత్త లాక్ బిగించాక డోర్‌ను పదీ పదిహేనుసార్లు మామూలుగా వేసి చూడకుండా కారు అప్పగించకూడదు. వెతకడం రాత్రి పని, విప్పడం పగటి పని. అంతవరకు కారు దిగిపోకుండా ఫ్యాన్ లేని చిన్న ఛార్జర్ ఒకటి తగిలించి, స్టీరింగ్ మీది ఫ్యూజు తీసి దాని చోట పెట్టి వచ్చేశాను. హార్న్ పొద్దున రోడ్డెక్కాక నొక్కి చూసుకోమన్నాను.

శనివారం ఎప్పుడు రమ్మంటారని తాతగారినే అడిగాను. "పదకొండు నుంచి పన్నెండు దాకా పాప మేలుకునే ఉంటుంది బాబూ, అప్పుడు నువ్వు డోలు వాయించుకో" అన్నారు.

లాక్ విప్పి కప్లర్ దగ్గర కొలిస్తే, స్విచ్ కలిసినప్పుడు ఒక ఓమ్ లోపు చూపాల్సింది ఒకసారి 30, ఒకసారి 400, వేలితో తడితే అసలేమీ లేదు. ఆ మైక్రోస్విచ్ ఒక్కటే మార్చి సాల్డరింగ్ చేసేవాళ్లున్నారు. నాకూ చేతనవును, చప్పుడు లేని పనే. కానీ వాన నీళ్లు దిగే డోర్‌లో, ఒకసారి పగలగొట్టి తెరిచి అతికించిన డబ్బాను, అదీ డ్రైవర్ డోర్ లాక్‌గా, నమ్మమని ఓనరుకు చెప్పలేను. లాక్ మొత్తం మార్చాను. డోర్ పదిహేనుసార్లు వేశాను, కావాలనే గట్టిగా.

ఆ రాత్రి మళ్లీ వెళ్లి రెండు గంటలు కూర్చున్నాను. మీటర్ 19కీ 23 మిల్లీఆంపియర్లకీ మధ్య తిరిగింది, ఒక్కసారి కూడా లేవలేదు. లోపలి లైటు స్విచ్‌ను డోర్‌తో వెలిగే స్థానంలోకి జరిపాను. పూర్తిగా ఛార్జ్ చేసిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండగా తర్వాతి శుక్రవారం ఓనరు కారు ఆపి వదిలేశారు. సోమవారం పొద్దున 60 గంటల తర్వాత నేను చెప్పినట్టే స్టార్ట్ చేయకముందు మీటర్ పెట్టి ఫోటో పంపారు: 12.5. ఒక్క తిప్పుకు అందుకుందట. కొత్త బ్యాటరీని అన్నిసార్లు అడుగంటా దించడం వల్ల దాని ఆయుష్షు కొంత తరిగే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఒకసారి టెస్టర్ పెట్టి చూస్తానని రాసిపెట్టుకున్నాను.